హుక్కా : పెద్దదా, చిన్నదా?

నిరుటి దీపావళికి మా దౌహిత్రుడు చెన్నపట్టణమునుండి తిరుత్తణికి వచ్చెను. కళాశాలలో చదువుకొనుచు మిత్రులతో గది తీసికొని యుండువాడు. పండుగనాటి సాయంకాలము తన ఫోనులో రెండు హుక్కాల చిత్రములు మాకు చూపి, "తాతా, చిన్నది కొనేదా, పెద్దది కొనేదా?" అని అడిగెను. చిన్నది జానెడు పొడవు, చేతిసంచిలో నిమిడిపోవునది. పెద్దది రెండు మూరల యెత్తున నేలపై నిలుచునది. గదికి అలంకారముగా నుండునని యతని యూహ. ఆ ప్రశ్న విని ఇంటిలోని పెద్దలలో ఒక్కరును నోరు మెదపలేదు. అందుకు హేతువును తగినచోట మనవి చేసెదము.

మేము పండితులము కాము. పదునొకండవ తరగతి ప్యాసై, 1978లో కచ్చేరీ గుమాస్తాగా ప్రవేశించి, 2018లో విరమించినవారము. పాత దస్తావేజులలో ఒక్క తేదీకై రెండునాళ్ళు వెదకిన యలవాటు మాత్రము మాకున్నది. మనుమని ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పుటకు మనసొప్పక, దాని పూర్వోత్తరములను విచారించితిమి. వస్తువును కొనదలచినవాడు దాని వెలను అడుగును; దానిని పూర్వము కొన్నవారికి ఏమి జరిగినదో అడుగువారు తక్కువ. అట్లు విచారింపగా దొరకిన సంగతులను మన సంఘపు సంచికలో నలుగురి యెదుట నుంచుట బాగుండునని తోచినది.

హుక్కా యనునది అరబ్బీ పదము. చిన్న పెట్టె, డబ్బీ అని దానికర్థము. నీరు పోయు పాత్రనుబట్టి పరికరమంతటికిని ఆ పేరు వచ్చెను. క్రింద నీటిపాత్ర, దానినుండి పైకి లేచు నిలువు గొట్టము, గొట్టము కొనయందు చిలుము, చిలుములో గుడాకు, దానిపై బొగ్గునిప్పు, పాత్ర ప్రక్కనుండి నోటికి చేరు పీల్చుగొట్టము. ఇవియే దాని యంగములు. గుడాకనగా పొగాకును బెల్లముతో నూరి ముద్దచేసినది. పీల్చువాడు గాలి లాగగా పొగ నిలువు గొట్టముగుండ నీటిలోనికి దిగి, బుడగలై పైకి లేచి, నోటికి వచ్చును. ఆ చప్పుడునుబట్టి చిన్న హుక్కాకు గుడుగుడి యని పేరు. చిన్నవానిలో తఱచైనది కొబ్బరిచిప్పతో చేసినది. పారసీకులు కొబ్బరికాయను నార్గీల్ అందురు. అది మన నారికేళ శబ్దమునుండి పోయినదే. పశ్చిమదేశములలో పలుచోట్ల హుక్కాకు ఆ పేరే నిలిచినది. కావున పెద్దదియు చిన్నదియు అను భేదము మా మనుమని ఫోనులో పుట్టినది కాదు, హుక్కాతోనే పుట్టినది.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో పశ్చిమతీరమునకు వచ్చి, 16వ శతాబ్దాంతమునకు బిజాపుర రాజ్యములో వ్యాపించెను. అక్బరు పాదుషా పక్షమున బిజాపురమునకు పోయిన అసద్ బేగు, 1604 ప్రాంతమున దానిని మొగలు కొలువునకు కొనిపోయిన వృత్తాంతమును తానే వ్రాసియుంచెను. అతడు రత్నములు తాపిన పొడవైన గొట్టమును, బంగారు చిలుమును సిద్ధపఱచెను. బిజాపుర సుల్తాను తనకు బహూకరించిన తాంబూలపు సంచిలో పొగాకు నింపి, వెండిపళ్ళెములో పాదుషా యెదుట నుంచెను. అక్బరు రెండుమూడు దమ్ములు లాగెను. మన గ్రంథములలో లేని వస్తువు, గుణదోషములు తెలియవు, వలదని ఆస్థానవైద్యుడు వారించెను. పాదుషా దానిని అలవాటు చేసికొనలేదు. కొలువులోని ప్రభువులు మాత్రము అసద్ బేగు నడిగి పుచ్చుకొనిరి. త్వరలోనే వర్తకులు అమ్మకమునకు దిగిరి.

ఈ కథలో మమ్ము నిలిపినది రత్నాల గొట్టము కాదు, తాంబూలపు సంచి. అతిథికి ఆకువక్కల నందించు మర్యాదకొఱకు కుట్టిన సంచిలో పొగాకు ప్రవేశించినది. మర్యాద వేషమున వచ్చినదానిని వెడలగొట్టుట కష్టము. జహాంగీరు 1617లో పొగ త్రాగరాదని ఆజ్ఞాపించెను. ఇంగ్లండులో మొదటి జేమ్సు రాజు 1604లోనే పొగాకును నిందించుచు చిన్న గ్రంథము వ్రాసి ప్రకటించెను. రెండు దేశములలోను రాజాజ్ఞ పోయినది, అలవాటు నిలిచినది. 17వ శతాబ్దములో మన మచిలీపట్నపు రేవునుండి పొగాకు విదేశములకు ఓడలెక్కుచుండెను.

పెద్ద హుక్కాకు అందము తెచ్చినది దక్కను దేశము. బీదరు పట్టణములో తుత్తునాగమునకు కొంచెము రాగి చేర్చి పాత్రను పోతపోసి, దానిపై లతలును పువ్వులును చెక్కి, ఆ చెక్కడములో వెండి పొదుగుదురు. పిమ్మట బీదరు కోటలోని మట్టిని నవాసారముతో కలిపి పూయగా లోహము కాటుకవలె నలుపెక్కును. వెండి తెల్లగనే నిలుచును. ఇదియే బిద్రీ పని. 17వ శతాబ్దపు బిద్రీ హుక్కాపాత్రలు బంతివలె గుండ్రనివి. నేలపై వానియంతట అవి నిలువవు, చుట్టకుదురు వేయవలెను. 18వ శతాబ్దమున అడుగు వెడల్పైన గంటయాకారము వాడుకలోనికి వచ్చెను. హైదరాబాదులో 1951లో వెలసిన సాలార్‌జంగు ప్రదర్శనశాలలో బిద్రీ హుక్కాలను చూడవచ్చును.

బీదరు 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోనిది. ఆ యేటి నవంబరు 1న మైసూరు రాష్ట్రములో చేరెను. నాలుగేండ్లు తిరుగకముందే, 1960 ఏప్రిల్ 1న, మన తిరుత్తణియు చిత్తూరు జిల్లాను విడిచి మదరాసు రాష్ట్రములోనికి వచ్చెను. మేము పుట్టినదియు ఆ యేడే. ఎల్లలు మారినను బీదరులో పనివారు ఉలిని దింపలేదు. మన యిండ్లలో తెలుగును మానలేదు. ఇంటి అలవాటునకు సర్వే రాళ్ళు అడ్డము కావు. ఇది మంచి యలవాటులకును చెల్లును, చెడ్డవానికిని చెల్లును.

పెద్ద హుక్కాయందలి మెత్తని పీల్చుగొట్టము పలుమూరల పొడవుండి పాముచుట్టవలె నేలపై పడియుండును. దానిని సిద్ధపఱచుట ఒక ఉద్యోగము. నీరు మార్చవలెను, గొట్టములు కడుగవలెను, గుడాకు పిసుకవలెను, బొగ్గు రగిలింపవలెను, దొర త్రాగునంతసేపును నిప్పాఱకుండ ప్రక్కన కనిపెట్టుకొని యుండవలెను. ఆ యుద్యోగికి హుక్కాబర్దారని పేరు. నవాబులను చూచి కంపెనీ దొరలును హుక్కా మరగిరి. 1779లో కలకత్తాలో వారన్ హేస్టింగ్సు దంపతులు పంపిన విందు ఆహ్వానమొకటి నిలిచియున్నది. హుక్కాబర్దారును తప్ప వేఱొక సేవకుని వెంట తేవలదని అందులో అతిథులను కోరిరి. గొడుగు పట్టువాడును దీపము పట్టువాడును లేకున్నను విందు జరుగును. హుక్కాబర్దారు లేనిదే జరుగదు. ఒకరి హుక్కాగొట్టమును మఱియొకరు దాటిపోవుట ఆ సభలలో గొప్ప యవమానము.

ఉత్తరదేశపు పల్లెలలో హుక్కా సంఘమర్యాదకు గుర్తాయెను. ఒకే హుక్కాను త్రాగువారు ఒకే పంక్తివారు. కులమునుండి వెలివేసినవానికి హుక్కాయు నీళ్ళును మాన్పిరని నేటికిని వాడుక గలదు. కావున పెద్ద హుక్కా కొనుటయనగా, ఒక పనివానిని, పదిమంది కూర్చుండు చావడిని, ఆ పదిమందిలో పెద్దఱికమును కూడ కొనుటయే. గుడుగుడిని కొన్నవాడు ఒంటరివాడు. బాటసారి, సిపాయి, చిన్న ఉద్యోగి తన చేత తాను పట్టుకొని త్రాగుటకు అది చాలును. దానికి పనివాడు అక్కఱలేదని అందఱును అనుకొనిరి. ఆ మాట నిజమో కాదో ముందు చూతము.

ఇక మన సీమ సంగతి. 18వ శతాబ్దమున ఈ ప్రాంతము ఆర్కాటు నవాబుల యేలుబడిలో నుండెను. నవాబు మహమ్మదలీ వాలాజా 1768లో చేపాకమున భవనము కట్టించుకొని చెన్నపట్టణమునకు చేరగా, తిరువళ్ళూరు ఆ నూతన నివాసమునకును పాత ఆర్కాటునకును నడిమి నేలయైనది. తిరుత్తణి కార్వేటినగరము జమీందారీలోనిది. తహసీలు, జమాబందీ, దస్తావేజు, జవాబు, జవాను అను మాటలు ఆ దినములలో మన కచ్చేరీలలో వేళ్ళూనినవి. మా ఉద్యోగనామమైన గుమాస్తాయు పారసీపదమే. హుక్కా, చిలుము అను మాటలును ఆ గుంపుతోనే వచ్చినవి. కాని మాట వచ్చినంతగా వస్తువు రాలేదు. మన గృహస్థులు అతిథికి తాంబూలమిచ్చిరేగాని హుక్కా నందింపలేదు. పొగాకు కావలసినవారు నస్యమును పీల్చిరి, లేదా చుట్ట కాల్చిరి. గోదావరి లంకలలో పండిన లంకపొగాకు చుట్టలకు పేరుపొందెను. దక్షిణమున తిరుచిరాపల్లి చుట్టలు సీమవఱకు పోయెను. ఇంగ్లీషువారు చెరూట్ అను మాట అరవమునందలి శురుట్టునుండి పుట్టినదే. 19వ శతాబ్దపు నడిమికి దొరలు సయితము హుక్కాను విడిచి చుట్ట పట్టిరి. 1856లో రాయపురమునుండి తిరువళ్ళూరు మీదుగా వాలాజా రోడ్డు వఱకు దక్షిణదేశపు మొదటి రైలుదారి నడిచెను. రైలుపెట్టెలోనికి నీటి హుక్కాను మోసికొని పోవుట యెట్లు? చుట్టయైనచో రొండిని దోపుకొనిన చాలును.

పెద్ద హుక్కానుండి గుడుగుడి, గుడుగుడినుండి చుట్ట, చుట్టనుండి బీడీ, సిగరెట్టు. ఇట్లు పరికరము దినదినము చిన్నదగుచు వచ్చెను. పరికరము చిన్నదైనకొలది పొగ తగ్గవలసినది. తగ్గలేదు సరిగదా, పెరిగినది. పెద్ద హుక్కాకు వేళయు చోటును కావలెను. జేబులోని సిగరెట్టుకు వేళ లేదు, చోటు లేదు. మఱియొక సంగతి. 1909 నాటి కన్యాశుల్కములో గిరీశము పొగాకును అమృతబిందువు సంతతిగా పొగడు పద్యమును చదివి శిష్యునకు చుట్ట రుచి మప్పును. చదివినవారెల్ల నవ్వుదురు. మేమును పలుమార్లు నవ్వితిమి. పెద్దవాడు పిల్లవానికి పొగ అలవాటు చేయుట అందులోని విషయమని గ్రహించినది చాల ఆలస్యముగా.

ఇప్పుడు మా యింటి సంగతి చెప్పవలెను. మా పితామహులు తిరుత్తణి చేరువ నొక గ్రామమునకు కరణము. ఆర్కాటునుండి వచ్చు నొక అమీనుగారి స్నేహమున వారికి హుక్కా అలవాటాయెను. వాలాజాపేటలో నొకనాడు పెద్ద ఇత్తడి హుక్కాను, కొబ్బరిచిప్ప గుడుగుడిని బేరమాడి, పెద్దదానిని విడిచి చిన్నదానిని కొనిరని మా అవ్వ చెప్పుచుండెడిది. అందుకు వారు చెప్పిన కారణములు మూడు. పెద్దది వెల హెచ్చు. జమీందారీ అధికారులు వచ్చినపుడు కరణము తిన్నెమీద పెద్ద హుక్కా కనబడుట మర్యాద కాదు. పెద్దదానికొక మనిషిని పెట్టవలెను. మూడును యుక్తములే. మాబోటి గుమాస్తాకు ఇంతకంటె సరియైన లెక్క తోచదు. కాని మూడవ కారణములో పొరపాటున్నది. చిన్నదానికిని మనిషి కావలసివచ్చెను. ఆ మనిషి మా అన్నగారు.

అన్నగారు మాకంటె పదియేండ్లు పెద్ద. తొమ్మిదవ యేట తాతగారి చిలుము నింపు పని వారికి వచ్చెను. పెద్ద హుక్కాయైనచో పిల్లవాడు కదల్పనైన లేడు. గుడుగుడి గనుక, వంటయింటి పొయ్యినుండి నిప్పు వేసికొని, వీధితిన్నెమీద కూర్చున్న తాతగారియొద్దకు తెచ్చుచుండిరి. దారిలో నిప్పాఱిపోకుండ రెండు దమ్ములు లాగుచు రావలెను. అది తప్పని యెవరును అనలేదు. పిల్లవాడు నేర్పరియని అమీనుగారు మెచ్చుకొనిరట. తాతగారు 1966లో గతించిరి. గుడుగుడి అటక యెక్కినది. అన్నగారు మొదట బీడీలు, ఉద్యోగము వచ్చిన పిదప సిగరెట్లు కాల్చిరి. ఇంటిలో ఎందఱు చెప్పినను మానలేకపోయిరి. 2004లో, తమ యేబదినాలుగవ యేట, ఊపిరితిత్తుల రాచపుండుతో గతించిరి. వైద్యులు సిగరెట్టే కారణమనిరి. మేము వాదింపలేదు. చివరి మాసమున మంచము ప్రక్కన కూర్చున్న మాతో అన్నగారు ఒక మాట అనిరి: "తాత నాకు పొగ నేర్పలేదురా. నిప్పారకుండా తెమ్మన్నాడు, అంతే."

మనుమని ప్రశ్న విని ఆనాడు మేమందఱము మాటాడకుండుటకు హేతువిది.

ఆధునికులు హుక్కాను వెనుకటి పొగవలె తలంపరు. పండ్ల వాసనలు కలిపిన పొగాకు, నీటిలో దిగి వచ్చు పొగ, కావున నిరపాయమని నమ్ముదురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2005లో ఈ విషయమున హెచ్చరిక ప్రకటించెను. సిగరెట్టు త్రాగువాడు 5 మొదలు 7 నిముషములలో 8 మొదలు 12 దమ్ములు లాగును. హుక్కాయొద్ద కూర్చున్నవాడు 20 మొదలు 80 నిముషములలో 50 మొదలు 200 దమ్ములు లాగును. వాని దమ్ములును పెద్దవి. ఒకసారి కూర్చున్నచో నూఱు సిగరెట్లు త్రాగినంత పొగ లోనికి పోవచ్చునని ఆ సంస్థవారి లెక్క. నీరు పొగను చల్లబఱచునేగాని అందలి విషములను హరింపదు. చల్లని పొగ గొంతును మండింపదు. కావుననే మఱింత లోతుగా లాగబడును. పైనున్న బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడను విషవాయువు అదనముగా చేరును. ఒకే గొట్టము పలువురి నోళ్ళు మాఱుటవలన క్షయవంటి రోగములు అంటుకొను భయమున్నది. పెద్ద హుక్కాలో నీరెక్కువ, గొట్టము పొడవు, పొగ చల్లన. చిన్నదానిలో పొగ కొంత వేడి. ఆరోగ్యవిషయమున రెంటికిని భేదమింతియే. ఏదియు మేలైనది కాదు.

తమిళనాడు శాసనసభ 2022లో హుక్కా బారులను నిషేధించు సవరణను ఆమోదించెను. 2023లో అది శాసనమైనది. తెలంగాణ శాసనసభయు 2024 ఫిబ్రవరిలో అట్టి నిషేధమునే చేసెను. జహాంగీరు ఆజ్ఞకంటె ఈ శాసనములకు బలమెక్కువయని యాశింతము. ఐనను శాసనము అంగడిని మూయింపగలదేకాని, ఇంటిలోని అలవాటును మాన్పవలసినవారు ఇంటివారే.

సంక్రాంతికి మనుమడు మరల వచ్చెను. మేము అటకమీదినుండి ఆ గుడుగుడిని దింపి అతని చేతికిచ్చి, వెనుక చెప్పిన కథనంతయు చెప్పితిమి. పెద్ద హుక్కాకు జీతగాడు నిప్పు మోసెననియు, చిన్నదానికి ఇంటిపిల్లవాడు మోసెననియు, నిప్పు మోయువాడు లేని హుక్కాను తాము చరిత్రలో చూడలేదనియు చెప్పితిమి. అతడు కొంతసేపు ఆ చిప్పను త్రిప్పి చూచి, "దీనికి నిప్పు తెచ్చింది ఆ ఫోటోలో ఉన్న పెద్దతాతేనా?" అని గోడవైపు చూచెను. ఔనంటిమి. అతడు పుట్టకముందే పోయిన మనిషి. మఱేమియు అడుగలేదు.

తిరిగి పోవునాడు ఆ చిప్పను తనకిమ్మని కోరెను. చిలుము ఎన్నడో పగిలినది, గొట్టమును చెద తినినది. చిప్ప యొక్కటే మిగిలినది. ఇచ్చితిమి. ఫోనులోని రెండింటిలో దేనిని కొన్నాడో మేమడుగలేదు. కొనలేదని తరువాత మా కుమార్తె చెప్పెను.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలో తరతరములుగా నిలుకడగానున్న మన కుటుంబముల అటకలమీద ఇట్టి వస్తువులు ఇంకను కొన్ని యుండును. వానిని పాతసామానుల వానికి తూచి యిచ్చుటకు ముందు ఒకసారి దింపి పిల్లలకు చూపుడు. దానిని కొన్నదెవరో అందఱును చెప్పుదురు. దానిని మోసినదెవరో గూడ చెప్పుడు.